గంటకి వంద నిమిషాలు కావు కదా!

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి నాలుగో తరగతి. తీసివేతలు చకచకా చేస్తాడు. కానీ రైలు 9.40కి బయల్దేరి 11.15కి చేరితే ఎంతసేపు పట్టిందంటే 1 గంట 75 నిమిషాలు అంటాడు. దూరాల లెక్కలంటే ఇంకా టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీవాడికి తీసివేత బాగానే వచ్చమ్మా. 1115లోంచి 940 తీశాడు, 175 వచ్చింది. గంటకి 60 నిమిషాలేనన్న సంగతి ఆ అంకెల్లో కనబడదు మరి! కొన్నాళ్లు తీసివేత మాన్పించి, గోడ గడియారం దించి ముల్లు తిప్పించండి. 9.40 నుంచి 10కి 20 నిమిషాలు. 10 నుంచి 11కి గంట. ఆపైన 15. మొత్తం గంటా 35 నిమిషాలు. డిజిటల్ గడియారం ఇప్పుడే వద్దు, పది కొట్టడానికి ఇంకా ఎంతుందో అందులో కంటికి ఆనదు.

దూరానికి మీ ఊళ్లో ప్రకాశం బ్యారేజీ ఉండనే ఉంది. పొడవు సుమారు 1,220 మీటర్లు. ఆదివారం ఎండ ముదరకముందే వెళ్లి, ఈ చివర టైం రాయించి సీతానగరం వైపు దాకా నడిపించండి. ఎన్ని నిమిషాలు పడుతుందో ముందుగా వాణ్ణే ఊహించమనండి. నిమిషానికి 60 మీటర్ల చొప్పున నడిస్తే 20 నిమిషాల పైచిలుకు. మధ్యలో ఎక్కడైనా ఆగారా, ఆ సమయం కలపాలా వద్దా అని వాడే పేచీ పెడతాడు. పెట్టనివ్వండి, అసలు లెక్క అదే.

సూత్రం బట్టీ పట్టించొద్దు. గంటకి 40 కిలోమీటర్లు పోయే గుంటూరు బస్సు అరగంటలో 20, పావుగంటలో 10 పోతుంది. మరి గంటంపావులో? వాడంతట వాడు 50 అన్నాక సూత్రం చూపించినా నష్టం లేదు.