గ్యాస్ మాది, కరెంటు ఏదీ?

ప్రశ్న: మాది కోనసీమ. రాత్రిపూట గ్యాస్ బావి మంట వెలుగుకి మా కొబ్బరాకులు ఎర్రగా కనిపిస్తాయి. ఇంత గ్యాస్ ఉన్నా చుట్టుపక్కల పవర్ ప్లాంట్లు ఎందుకు ఆగిపోయాయండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ న్యాయమైనదేనమ్మా. విజ్జేశ్వరం, జేగురుపాడు ప్లాంట్లు 1990ల్లో ఇక్కడి గ్యాస్‌తోనే మొదలయ్యాయి. 2009 ఏప్రిల్‌లో కాకినాడ తీరం అవతల సముద్రంలోని కేజీ-డీ6 అనే గ్యాస్ క్షేత్రం నుంచి గ్యాస్ రావడంతో, ఇక కొదవ ఉండదనే నమ్మకంతో సామర్లకోటలో 2400 మెగావాట్ల ప్లాంటుకి దిగారు, కానీ రెండేళ్లు తిరక్కముందే ఆ గ్యాస్ ఉత్పత్తి పడిపోవడం మొదలైంది, మిగిలిన కాస్తలో ఎరువుల ఫ్యాక్టరీలది ముందు వరుస, కరెంటుది వెనక. సామర్లకోట యంత్రాలు కొన్ని చివరికి బంగ్లాదేశ్ వెళ్లాయి.

నాకు బాధేసేది ఏంటంటే, ఇవి మంచి ప్లాంట్లు. గ్యాస్ టర్బైన్ తిప్పాక బయటికొచ్చే వేడిగాలితోనే నీళ్లు మరిగించి, ఆ ఆవిరితో ఇంకో టర్బైన్ తిప్పుతారు, అలా ఇంధనంలోని శక్తిలో సగం దాకా కరెంటవుతుంది, బొగ్గుతో అయితే మూడో వంతు చిల్లరే. పైగా బూడిద గొడవ లేదు.

అందుకే ముందు గ్యాస్ ఒప్పందం చేతికి రావాలి, బావి ఎన్నేళ్లు ఇస్తుందో తేలాలి, పునాది ఆ తర్వాతే. మీ ఊళ్లో కొత్త ప్లాంటు అంటూ ఎవరైనా వస్తే గ్రామసభలో మొదట ఇదే అడగండి.