పెయిన్ కిల్లర్ వేసుకుని ఎనర్జీ డ్రింక్ తాగొచ్చా?

తమ్ముడూ, నైట్ డ్యూటీలో తలనొప్పికి మాత్ర వేసుకుని, నిద్ర రాకుండా ఎనర్జీ డ్రింక్ తాగుతున్నానని రాశావు. ఏ మాత్రో రాయలేదు. అసలు సంగతి అక్కడే ఉంది.

పారాసిటమాల్ అయితే, అప్పుడప్పుడు ఒకటి వేసుకుని ఒక డ్రింక్ తాగితే ఆరోగ్యవంతుడికి సాధారణంగా ఏమీ కాదు. కానీ రోజుకు 4 గ్రాములు దాటితే లివర్‌కి ముప్పు. సారిడాన్ అయితే మాత్రలోనే 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. 250 మి.లీ. డ్రింక్‌లో ఇంకో 75 దాకా. అందుకే దడ, నిద్ర పట్టకపోవడం.

నాకు భయమంతా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రకం మాత్రలతోనే. మాది సోంపేట దగ్గర ఊరు. పలాసలో జీడిపిక్కల బస్తాలు మోసే రోజుల్లో నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుని, వెంటనే డ్రింక్ తాగేవాణ్ని. తిండి సరిగ్గా లేదు, నీళ్లు అసలే లేవు. డ్రింక్ తాగితే అలుపు తెలిసేది కాదు, ఇంకా బస్తాలు ఎత్తేవాణ్ని, రాత్రికి నొప్పి పెరిగి ఇంకో మాత్ర. ఎండాకాలంలో ఒకరోజు కడుపులో మంట, గుండె దడ, మూత్రం ముదురు రంగు. డాక్టరుగారు ముందు అడిగింది, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నావని. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్రలు కిడ్నీకి రక్తం అందకుండా చేస్తాయట. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా మా అమ్మ అన్నం ముట్టలేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలో క్రియాటినిన్ అనే మాట వింటే ఎవరికైనా గుండె జారుతుంది, మా వీధిలోనే ఇద్దరు డయాలసిస్‌కి వెళ్తున్నారు. నాది నార్మల్ వచ్చింది. ఆ రోజుతో మానేశాను.

నువ్వు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రకం మాత్ర వేసుకోక తప్పకపోతే ఏదైనా తిని, నీళ్లతోనే వేసుకో. ఆ పూట డ్రింక్ జోలికి పోకు. నీళ్లకు బదులు డ్రింక్ తాగకు. డబ్బా మీదే రోజుకు 500 మి.లీ. దాటొద్దని రాసి ఉంటుంది, చూడు. నెలలో సగం రోజులు మాత్ర పడుతోందంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు, డాక్టరుకి చూపించు. నల్లటి విరేచనం, ఛాతీ నొప్పి, మూత్రం తగ్గడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు.

బీపీ గానీ, కడుపులో పుండు గానీ, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు గానీ ఉంటే, డాక్టరుని అడగకుండా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రకం మాత్ర ఒక్కటి కూడా వేసుకోకు.