పరిజ్ఞానమా, భయమా: ముందు ఒకటి ఎంచుకోండి

మీ ఎమ్మెస్సీ పరిశోధన ప్రతిపాదనను గైడ్ ఎందుకు తిప్పి పంపారని అడిగారు. చిక్కు మీ శీర్షికలోనే ఉంది. ‘ఇన్సులిన్ సొంతంగా వేసుకోవడంపై మధుమేహ రోగుల పరిజ్ఞానం, భయాలు’ అని పెట్టి, 12 మందిని ఇంటర్వ్యూ చేసి జవాబులను శాతాల్లో చూపిస్తానన్నారు. గైడ్ తిప్పి పంపడం సబబే. 12 మందిలో ముగ్గురు 25 శాతమే, కానీ ఆ అంకె బయటివారి గురించి ఏమీ చెప్పదు.

పరిజ్ఞానాన్ని కొలవవచ్చు. రోగులకు మీరిచ్చే శిక్షణకు ముందూ తర్వాతా ఒకే ప్రశ్నావళి ఇచ్చి మార్కులు పోల్చండి. శిక్షణ పొందని మరో బృందం కూడా ఉంటేనే మార్పు మీ బోధన వల్ల వచ్చిందని గట్టిగా అనగలరు. ఎంతమంది కావాలో ముందే లెక్కకట్టాలి. ఇది పరిమాణాత్మక పరిశోధన.

భయానికీ స్కేళ్లు (మార్కులిచ్చి కొలిచే ప్రశ్నావళులు) ఉన్నాయి. అయితే ‘ఇన్సులిన్ మొదలైందంటే రోగం ముదిరినట్టే’ అన్న నమ్మకం, పెళ్లి భోజనాల దగ్గర సూది తీయడానికి సిగ్గుపడి డోసు మానేయడం వంటివాటి వెనకున్న అనుభవం స్కేలుకు పూర్తిగా అందదు. దానికి గుణాత్మక పద్ధతి, అంటే అంకెలతో కాక రోగుల మాటల్లోంచి అర్థం వెతికే పద్ధతి కావాలి. అక్కడ 12 మంది తక్కువేమీ కాదు. కొత్త విషయాలు రావడం ఆగాక ఇంటర్వ్యూలు ఆపుతారు. విశ్లేషణకు కొలైజీ అనే పరిశోధకుడి ఏడు దశల పద్ధతి తీసుకోండి; ఇంటర్వ్యూల్లోని మాటల నుంచి అనుభవాల సారాన్ని తీసే పద్ధతి అది. చివరి దశలో మీ నిర్ధారణలను రోగులకే చూపి సరిచూసుకోవాలి. చాలామంది ఎగ్గొట్టేది దీన్నే!

రెండూ కలిపే మిశ్రమ పద్ధతి ఉన్నా ఎమ్మెస్సీ గడువులో వద్దంటాను. మీ ఆసక్తి భయాల మీదే కనిపిస్తోంది కాబట్టి శాతాలు వదిలేయండి. పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి పంపకముందే శీర్షిక మార్చండి. తర్వాతైతే సవరణకు మళ్లీ అనుమతి అడగాలి.