ఈ పూట ఏం కూర?

ప్రశ్న: మాది కావలి. నేను రోజూ రైల్లో నెల్లూరు వెళ్లి ఆఫీసులో పనిచేస్తాను, మా ఆయన ఉద్యోగం ఒంగోల్లో. పిల్లలు ఒకరు ఏడో తరగతి, ఒకరు మూడు. అత్తయ్య మాతోనే ఉంటారు. రైలు సరిగ్గా వస్తే ఏడింటికి ఇంట్లో ఉంటాను, లేదంటే ఎనిమిది. చెప్పులు విడవకముందే చిన్నది "అమ్మా, ఈ పూట ఏం కూర?" అంటుంది. ఆదివారం సంచి నిండా కూరగాయలు తెస్తాను, గురువారానికి సగం పారేస్తాను, వారంలో మూడు రోజులు కర్రీ పాయింటే గతి. ముందే వండి ఫ్రిజ్‌లో పెడదామంటే "పిల్లలకు చద్దివి పెట్టొద్దు" అని అత్తయ్య కోప్పడతారు. వారం మొత్తానికి వంట ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పండి.
ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు అత్తయ్యగారి సంగతి తేలాలి, అది తేలకపోతే నేనేం చెప్పినా దండగ. ఈసారి ఆదివారం సాయంత్రం చేపల పులుసు పెట్టినప్పుడు, ఇప్పుడే తిందామా రేపు తిందామా అని ఆమెనే అడగండి. రేపే అనకపోతే ఆమెది నెల్లూరు జిల్లానే కాదు! పచ్చిమామిడికాయ పులుపు ముక్కకు పట్టాలంటే ఓ రాత్రి కావాలి, మర్నాడు పొద్దున దోసెలో ఆ పులుసు నంజుకుంటూ ఇది చద్ది అన్నవాళ్లను నేనింతవరకు చూడలేదు. అంటే ఆమె గొడవ నిన్నటి వంటతో కాదు, నిన్నటి అన్నంతో, మెత్తబడిపోయిన వేపుడుతో. అందులో న్యాయం ఆమెదే. కాబట్టి అన్నం, వేపుడు ఏ పూటకాపూట, పులుసులు, పప్పు, పచ్చళ్లు ముందుగా. రైలు బిట్రగుంట దాటగానే ఫోన్ చేయండి, ఆమె కుక్కర్ పెట్టేస్తారు.

ఇక పట్టిక. నేను ఉద్యోగం చేసే రోజుల్లో రంగుపెన్నులతో ఏడు రోజుల వంటలూ రాసి ఫ్రిజ్‌కు అంటించాను. సోమవారం బీరకాయ అని రాసుకున్నాను, కోసి చూస్తే ఆ కాయలు చేదు! మంగళవారం నుంచి ఆ కాగితం మీద పాల లెక్క రాసుకున్నాం. అందుకని వంట పేరు రాయకండి, రోజుకో రకం అనుకోండి. సోమవారం పప్పు, అంతే, ఏ పప్పో ఇంట్లో ఉన్న ఆకుకూరను బట్టి. గవర్నమెంటు బడి గోడ మీద మధ్యాహ్న భోజనం మెనూ వారం మొత్తానికీ రాసి ఉంటుంది కదా, అంతమందికి వండే వంటమ్మలు ఏ పొద్దునా ఇవాళేం చేద్దామని తల పట్టుకోరు. మనల్ని అలసగొట్టేది పొయ్యి దగ్గర పని కన్నా ఆ ఆలోచనే.

సోమవారం కందిపప్పు రెట్టింపు ఉడికించండి, ఉప్పూ పులుపూ వేయకముందే సగం తీసి దాచండి. మొదటి సగం తోటకూర పప్పు, దాచింది మర్నాడు పప్పుచారు, పక్కన అప్పటికప్పుడు ఓ వేపుడు. టిఫిన్లకైతే శనివారం రాత్రి నాలుగు గ్లాసుల బియ్యం, గ్లాసు మినప్పప్పు, చెంచాడు మెంతులు నానబోసి ఆదివారం రుబ్బుకుంటే బుధవారం దాకా గడుస్తుంది. మొదట దోసె, పులిసే కొద్దీ ఊతప్పం, చివర్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి గుంటపొంగణాలు. మే నెలలో మాత్రం పిండి రాత్రంతా బయట ఉంచారో, పొద్దునకు గిన్నెలో కన్నా గట్టు మీదే ఎక్కువ ఉంటుంది.

కూరగాయలు పారేయడం మీ తప్పు కాదు, వండే వరస తప్పు. ఆకుకూరలు, బెండకాయ, వంకాయ మొదటి రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. క్యాబేజీ, చేమదుంప, ఆలుగడ్డ శుక్రవారం దాకా ఆగుతాయి, వాటిని సోమవారమే వండేసి బెండకాయలు జిగురుపట్టాయని ఏడిస్తే ఎలా? బెండకాయలను తడి లేకుండా తుడిచి కాగితంలో చుట్టి పెట్టండి.

ఫ్రిజ్‌లో ఏది దాచినా వండిన రెండు గంటల్లోపే పెట్టాలి, పెద్ద గిన్నెతో కాకుండా చిన్న డబ్బాల్లో. ఆ పూటకు కావలసింది మాత్రమే తీసి బాగా తెర్లనివ్వండి. పిల్లలకు పెట్టేది కాబట్టి రెండు రోజులు దాటనివ్వకండి. కందిపొడి, కరివేపాకు పొడి సీసాల్లో ఉంటే రైలు ఆలస్యమైన రోజు వేడన్నం, పొడి, నెయ్యి, ఓ ఆమ్లెట్, అయిపోయింది.

కర్రీ పాయింట్ మానేయక్కర్లేదు. శుక్రవారం దానిదే అని అందరికీ చెప్పేయండి, మిగతా రోజుల్లో అడగరు.

మీ ఉత్తరంలో మీవారు వంటింటి దరిదాపుల్లో కనిపించలేదు. ఒంగోలు నుంచి వచ్చేవాళ్లకూ రెండు చేతులుంటాయి. గురువారం గుడ్ల రోజు అని పెట్టి ఆయనకు అప్పగించండి, కోడిగుడ్డు పొరటు పెద్ద విద్యేం కాదు. ఉప్పు ఎక్కువైతే పెరుగు కలుపుకుని తినండి గానీ, ఆయన వండుతున్నంతసేపూ మీరు మాత్రం వంటింట్లోకి తొంగి చూడొద్దు.