తమ్ముడిని బెంగళూరుకు తెచ్చుకుంటే తాగుడు మానతాడా?

ప్రశ్న: అమ్మ పోయాక తమ్ముడిని నేనే పెంచి పెద్ద చేశాను. ఆదోనిలో పత్తి కమీషన్ వ్యాపారం చేస్తున్నాడు. తాగుడు ముదిరింది. పొద్దున్నే చేతులు వణుకుతాయి, కాస్త పడితేగాని కుదుటపడడు. అప్పులు నేనే తీరుస్తున్నాను. ఈమధ్య మరదలు గల్లాపెట్టె తాళంచెవి దాచిపెడితే, నలుగురిలో పరువు పోతుందని ఫోన్ చేసి వాడికి ఇప్పించాను. ఆమె అమాయకురాలు, ఏమీ తెలియదు. వాడిని బెంగళూరులో మా ఇంటికి తెచ్చుకుంటే బాగుపడతాడా?

జవాబు: అమ్మా, ఊరు మార్చడం వైద్యం కాదు. బెంగళూరులో మద్యం దుకాణం ఎక్కడుందో కనుక్కోవడానికి మీ తమ్ముడికి ఒక్క సాయంత్రం చాలు. తాగే చోటు, తోడు తాగేవాళ్లు కళ్లబడితే కోరిక రేగుతుందన్నది నిజమే. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడిన అమెరికా సైనికుల్లో అత్యధికులు 1970ల తొలినాళ్లలో స్వదేశం చేరాక దాన్ని మానేశారని పరిశోధకులు గమనించారు. అయితే వాళ్లు తిరిగి వచ్చింది తమవాళ్ల దగ్గరికి. మీరేమో భార్య దగ్గర నుంచి తీసుకుపోదామనుకుంటున్నారు.

పొద్దున్నే చేతులు వణికే మనిషిని బస్సెక్కించి ఒక్కసారిగా మాన్పించాలని మాత్రం చూడకండి. అలా ఆపితే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత పలవరింతలు, జ్వరం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ల పర్యవేక్షణలో, మందులతో, బి1 విటమిన్ ఇస్తూ మాన్పించాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. బెంగళూరే కావాలంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సా కేంద్రం ఉంది. ఎక్కడికి వెళ్లాలో తేలకపోతే వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బు ఖర్చు కాదు.

నన్ను బాధపెట్టింది మీ తమ్ముడి తాగుడుకన్నా మీ మరదలి గురించి మీరు రాసిన మాట. తాళంచెవి దాచిపెట్టిన మనిషికి ఏమీ తెలియదని ఎలా అనగలిగారు? ఆ ఇంట్లో తాగుడుకు అడ్డం నిలిచింది ఆమె ఒక్కతే. ఆమె బిగించిన ముడిని విప్పింది మీరు. అప్పులవాళ్లు గుమ్మంలోకి రాకముందే మీరు డబ్బు పంపేస్తుంటే, తన తాగుడు ఎవరి కూడు తింటున్నదో అతనికి ఎప్పటికి తెలుస్తుంది? తల్లి లేని పిల్లవాడిని సాకిన మీ కష్టం చిన్నది కాదు. కానీ పెళ్లి చేసిన నాడే ఆ ఇంటి బాధ్యతను, అధికారాన్ని ఆ అమ్మాయి చేతిలో పెట్టినట్లని నేను గట్టిగా నమ్ముతాను. అక్క ప్రేమ పేరుతో దాన్ని వెనక్కి తీసుకునే హక్కు మీకు లేదు.

ముందు మరదలికి ఫోన్ చేసి, తాళంచెవి విషయంలో తప్పు చేశానని చెప్పండి. ఏం చేద్దామని ఆమెనే అడగండి. ఇకమీదట ఒక్క రూపాయి కూడా తమ్ముడి చేతికి గాని, అప్పులవాళ్లకు గాని పంపకండి. ఇవ్వాలనుకుంటే ఆసుపత్రి ఖర్చుకు ఆమె ఖాతాలో వేయండి. చికిత్స అయ్యాక వాళ్లిద్దరూ ఊరు మారదామనుకుంటే మారనివ్వండి. అది ఏ ఊరో వాళ్లు తేల్చుకుంటారు, మీ ఇంటి పక్కన ఇల్లు చూడకండి.