ఆ సంఘం అప్పు సంగతి మీ బాపుకు మీరే చెప్పాలి

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక ఊరు. నాకు 39 ఏళ్లు, హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. ఆరేళ్లుగా మా బాపుకూ నాకూ మాటల్లేవు. చెల్లె పెళ్లికని ఉన్న మూడున్నర ఎకరాల్లో ఎకరంన్నర నాకు మాట మాత్రమైనా చెప్పకుండా అమ్మేశాడు. ఊరి పెద్దమనుషులు, మగపెళ్లి వాళ్లు కూర్చుని ఉండగానే "ఏం సంపాదించి పెట్టినవ్, ఉన్నది అమ్ముడే కదా నీకు తెలిసింది" అన్నాను. "రేపు నా పీనుగను కూడా ముట్టద్దు, పో" అన్నాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. మా బాబుకు ఐదేళ్లు, తాత మొహం ఎరగడు.

అమ్మ రోజూ బర్ల కొట్టంలోంచి ఫోన్ చేస్తుంది. బాపు నన్నే తలుచుకుంటున్నాడంటుంది. పోయిన దసరాకు నా ఫొటో చూసి ఏడ్చాడని చెప్పింది. చెల్లెను అడిగితే అలాంటిదేం లేదంది. పోయినేడు బాపు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ కోసం 40 వేలు నేనే పంపాను. నా డబ్బని తెలిస్తే చేయించుకోడని, మహిళా సంఘంలో అప్పు తెచ్చానని అమ్మ చెప్పింది. చెల్లె వచ్చి నెల రోజులు దగ్గరుండి చూసుకుంది. బాపు పాల పైసల్లోంచి నెలకు 2 వేలు కిస్తీ కోసమని అమ్మ చేతికి ఇస్తున్నాడట. అమ్మ వాటిని పోస్టాఫీసులో మా బాబు పేరు మీద వేస్తున్నది.

ఇప్పుడు మిగిలిన రెండెకరాలు కూడా చెల్లె పేరు మీద చేస్తాడని తెలిసింది. తాత నుంచి వచ్చిన భూమి అలా ఇవ్వవచ్చా? కట్నం ఇచ్చాక మళ్లీ భూమేంటి? వకీలుతో నోటీసు రాయించి పెట్టాను. అది పంపాలా, పెద్దమనుషుల్లో పెట్టాలా? నాకూ కలవాలనే ఉంది. కానీ పొమ్మన్నది ఆయన, ముందు పిలవాల్సింది ఆయనే కదా? రేపు తలకొరివి పెట్టేది నేనే కదా? ఈ దసరాకు వెళ్లి జమ్మి పెట్టి కాళ్లు మొక్కి రమ్మని నా భార్య అంటున్నది.

జవాబు: ముందు భూమి సంగతి తేల్చేద్దాం, మీ ఉత్తరంలో అన్నిటికన్నా చిన్నది అదే. బాపు స్వయంగా కొన్నదైతే ఎవరికైనా రాసుకోవచ్చు. తాతది కాబట్టి మనవడికి పుట్టుకతో హక్కు అని ఊళ్లో అందరూ అంటారు గానీ చట్టం అంత సూటిగా లేదు. తాత తన కష్టంతో సంపాదించి, 1956 వారసత్వ చట్టం వచ్చాక వీలునామా రాయకుండా పోతే, మీ బాపుకు వచ్చిన వాటా సాధారణంగా ఆయన సొంత ఆస్తి కిందికే వస్తుంది. అలా కాక ముత్తాతల నాటి ఉమ్మడి భూమి అయితే మీకు హక్కుంది. 2005 సవరణ తర్వాత మీ చెల్లెకూ అంతే హక్కుంది. పాత పహాణీలు, పాసుపుస్తకం చూపిస్తే ఈ రెండింట్లో మీ భూమి ఏ రకమో మంచి వకీలు ఎవరైనా అరగంటలో చెప్తాడు. ఇక కట్నం మాటంటారా, అది మీ చెల్లె చేతికి వచ్చిందా? ఆ కట్నం పోయింది ఆమె అత్తగారింటికి. దాన్ని ఆమె వాటాలో రాయడం నాకు మొదటి నుంచీ నచ్చని లెక్క.

పెద్దమనుషుల దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఇద్దరితో డిపాజిట్ కట్టించి, మూడు పంచాయితీలు పెట్టి, ఆఖరికి మీ తండ్రీకొడుకుల మాటలు ఊరి హోటల్‌లో చాయ్ తాగేవాళ్లకు కాలక్షేపమవుతాయి. మొదట పరువు పోయింది కూడా ఆ పెద్దమనుషుల ముందే అని మరిచిపోయారా?

ముందు ఎవరు పిలవాలి అన్నదానికి నేను జవాబే చెప్పను. 39 ఏళ్ల మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకుని వదలనిది మీ అమ్మ. మీకూ బాపుకూ ఆరేళ్లుగా మాటల్లేవు అని రాశారు. మాటలు ఉన్నాయండీ. ఆమె నోటి నుంచి రోజూ నడుస్తున్నాయి. ఇటు మీకు "బాపు తలుచుకుంటున్నడు" అని చెప్తుంది. అటు ఆయనకు "కొడుకు నీ పాణం ఎట్లుందని అడిగిండు" అని చెప్పకుండా ఉంటుందా? ఆయన నిజంగా ఏమన్నాడో మీకు తెలియదు. మీరు నిజంగా ఏమన్నారో ఆయనకు తెలియదు. ఇద్దరి మాటల్లో ముళ్లు ఏరేసి, లేని తీపి కలిపి చేరవేస్తున్నది ఆ తల్లి. ఇల్లు నిలబడాలనే చేస్తున్నది, ఆమెను తప్పుపట్టను. కానీ దసరా నాటి ఏడుపు అబద్ధమని తెలిసిన రోజున మీరు ఏం చేశారు? చెల్లెతో తేల్చుకుని ఊరుకున్నారు. అమ్మతో "ఇట్ల చెప్పకు" అన్నారా? లేదు. ఎందుకంటే ఆ అబద్ధం మీకు హాయిగా ఉంది. గడప తొక్కకుండానే తండ్రి ప్రేమ ఫోన్‌లో రోజూ అందుతున్నది.

ఇప్పుడు ఆ 40 వేల సంగతి చూడండి. మీరు దాన్ని ఏదో మంచి ముచ్చటలాగా మధ్యలో రాసేసి భూమి మీదికి వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. ఒక పెద్దాయన తెల్లవారుజామున లేచి బర్రె పాలు పిండి, కేంద్రంలో పోసి, పాల బిల్లు రాగానే నెలకు 2 వేలు లెక్కపెట్టి భార్య చేతిలో పెడుతున్నాడు. లేని అప్పుకు! "ఈ నెల కిస్తీ కట్టినవా?" అని ఆయన అడుగుతూ ఉంటాడు, ఆమె "కట్టిన" అంటూ ఉంటుంది. ఆ పైసలతో ఆయన ఒక కొత్త ధోతి కొనుక్కునేవాడో, బర్రెకు ఇంకో బస్తా దాణా తెచ్చేవాడో. ఈ వయసులో అప్పుల పాలయ్యానన్న టెన్షన్ ఆయనకు వేరే.

ఇంకో మాట. మహిళా సంఘం అంటే బ్యాంకు లాకర్ కాదు. పది పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుని, ఎవరికి ఎంత అప్పు ఉంది, ఎవరు ఎంత కట్టారు అని పుస్తకంలో అందరి ముందే రాసుకుంటారు. మీ అమ్మ పేరు మీద అప్పు లేదని ఆ పదిమందికీ తెలుసు. వాళ్లలో ఒకామె భర్త రేపు పాల కేంద్రం దగ్గర నోరు జారితే చాలు. అప్పుడు మీ బాపు కోపం హైదరాబాద్‌లో ఉన్న మీ మీద పడదు, ఎదురుగా ఉన్న ఆమె మీద పడుతుంది. నలభై ఏళ్లు కాపురం చేసిన భార్య కొడుకుతో కలిసి తనను మోసం చేసిందన్న మాట ఆయన మనసులో పడితే, మీరు రెండెకరాలు గెలిచినా ఆ ఇల్లు బాగుపడదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని బాపుతో కాదు, అమ్మతో. ఇవాళే ఫోన్ చేసి చెప్పండి: "అమ్మా, ఇకనుంచి బాపు సంగతి నాకు చెప్పకు, నా సంగతి ఆయనకు చెప్పకు. నీ ఆరోగ్యం, నీ ముచ్చట్లు చెప్పు చాలు." ఆమె భయపడుతుంది. ఆ కాస్త దారం కూడా తెగుతుందేమోనని ఏడుస్తుంది. ఏడిస్తే కరిగిపోయి మళ్లీ "బాపు ఎట్లున్నడు" అని మొదలుపెట్టకండి. అప్పు సంగతి నేనే చెప్తాను, నువ్వు నోరు విప్పకు అని ఒట్టు వేయించుకోండి.

రెండోది బాపు దగ్గరికి వెళ్లడం. దసరాకు వద్దు. మీ భార్య మంచి మనసుతోనే అన్నారు. కానీ దసరా నాడు మన దగ్గర ఎవరు ఎవరికి జమ్మి పెట్టరు చెప్పండి? ఊరంతా వచ్చి "బంగారం" అని చేతిలో పెట్టి కాళ్లు మొక్కి పోతుంది. మీరూ ఆ వరసలో వంగుతారు, ఆయన అందరినీ అన్నట్టే "సల్లగుండు" అంటాడు. బావగారు ఉంటారు, యాటకూర ఉంటుంది, మందు ఉంటుంది. రాత్రికి ఎవరో ఒకరు పాత సంగతి తీస్తారు. లేదంటే ఎవరూ ఏమీ మాట్లాడకుండానే రాజీ అయిపోయిందని అందరూ అనుకుంటారు, అది ఇంకా చెడ్డది.

పత్తి అమ్మే రోజులకు వెళ్లండి. పరకాల వైపు చాలామంది సరుకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కే తెస్తారు. మీ బాపు కూడా పత్తి వేసి అక్కడికే తెచ్చేవాడైతే, బండి ఎప్పుడు కదులుతుందో చెల్లెను అడిగి తెలుసుకోండి, అమ్మను కాదు. ముందు రోజు రాత్రికే యార్డుకు చేరండి. పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయ్యి, కాంటా పడేదాకా రైతు తన బస్తాలను విడిచి ఎక్కడికీ పోలేడు. మీ బాపు కూడా లేచి పోలేడు! తిట్టాలనుకుంటే తిడతాడు, మొహం తిప్పుకోవాలనుకుంటే తిప్పుకుంటాడు, మీరు మాత్రం ఆ బస్తాల పక్కనే కూర్చోండి. దుప్పటి తీసుకెళ్లండి, రాత్రి చలి ఉంటుంది. మీ ఊరి రైతులు కూడా నలుగురు అక్కడే ఉంటారు. ఉండనివ్వండి. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి, నాలుగు గోడల మధ్య చెప్పే క్షమాపణ మీ బాపుకు అక్కరకు రాదు. "ఆనాడు ఏం సంపాదించినవ్ అన్న. తప్పు మాట అన్న బాపూ" అంటే చాలు. దానికి "కానీ నువ్వు కూడా" అని తోక తగిలించకండి. ఎకరంన్నర చెప్పకుండా అమ్మడం ఆయన తప్పే, నేనూ ఒప్పుకుంటాను. ఆ తప్పు సంగతి ఇంకోనాడు మాట్లాడుకోవచ్చు.

అప్పు సంగతి కూడా ఆ రాత్రే, కానీ పక్కన ఎవరూ లేనప్పుడు. "కళ్ల ఆపరేషన్ పైసలు నావి. సంఘం అప్పు అని అమ్మతో అబద్ధం ఆడించింది నేను. అమ్మను ఒక్క మాట అనకు." ఇది పూర్తి నిజం కాదని నాకు తెలుసు. అయినా ఆ నింద మీ నెత్తిన వేసుకోండి, కొడుకుగా ఆ మాత్రం బరువు మోయలేరా? ఆయన కోపంతో పత్తి పైసల్లోంచి 40 వేలు లెక్కపెట్టి మీ మీదికి విసిరేస్తే, కాదనకుండా తీసుకోండి. నా పైసలతో నీకు చూపు వచ్చింది అన్న ధ్వని మీ గొంతులో ఎక్కడా రాకూడదు. మీ బాబు పేరున పోస్టాఫీసులో ఉన్న పైసలు కూడా ఆయనవే. ఆ పుస్తకం ఆయన చేతికి పోవాలి, తర్వాత ఏం చేసుకుంటాడో ఆయన ఇష్టం.

తలకొరివి మాట మాత్రం ఇంకెక్కడా ఎత్తకండి. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి పూటపూటకూ చుక్కల మందు వేయాలి. అది వేసింది చెల్లె. ఆ రెండెకరాలు ఆమెకు ఎందుకు ఇవ్వాలనిపించిందో అక్కడే వెతుక్కోండి.

ఈ మొదటిసారి బాబును తీసుకెళ్లద్దు. మనవణ్ణి ముందు నిలబెట్టి వెనక నుంచి ఇంట్లోకి రావడం చాలామంది చేసే పనే, నాకు నచ్చదు. మీ భార్యను కూడా వద్దు. ఆరేళ్లుగా ఆమెను ఆ ఇంటికి ఎవరూ పిలవలేదు. మీ బాపు నోటితో "కోడల్ని తీస్కరా" అన్నాకే ఆమె రావాలి, అంతకుముందు మీరు బతిమాలి తీసుకెళ్తే ఆమె మర్యాద పోతుంది.

వకీలుకు ఫీజు ఇచ్చేయండి, నోటీసు మాత్రం ఆయన దగ్గరే ఉండనివ్వండి. భూమి కాగితాలు చూపించుకోవాలనే ఉంటే హనుమకొండ అదాలత్ దగ్గర వకీళ్లకు కొదవ లేదు. అదైనా ఈ పత్తి సీజన్ దాటాకే.