గ్రానైట్ పనికి, కీళ్లవాతానికి సంబంధం వెతుకుతానంటున్న బిడ్డను ఏం చదివించాలి?

కరీంనగర్ దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి రాశారు: "మా ఆయన చాలా ఏండ్లు గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్లల్ల పనిచేసిండు. ఇప్పుడు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నరు. రాయి కోసిన బురదనీళ్లు మా వాగులకే పోతయి, బోరు నీళ్లు గూడ మంచిగ లేవు. వరంగల్‌ల బీఎస్సీ ఫైనలియర్ చదివే మా అమ్మాయి, ఇది పనితోటి వచ్చిందా, నీళ్లతోటి వచ్చిందా అని రీసెర్చ్ చేస్తనంటున్నది. అది డాక్టర్ల పని గద సార్? బీఈడీ చేస్తే టీచర్ కొలువన్న వస్తదని మా ఆయన అంటడు."

అమ్మా, మీ బిడ్డ సరైన ప్రశ్నే పట్టుకుంది. 1953లో క్యాప్లాన్ అనే డాక్టర్ వేల్స్ బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తూ, కీళ్లవాతం ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో ఒక రకం గడ్డలు కనబడుతున్నాయని రాశారు. ఆ తర్వాత చాలా దేశాల్లో జరిగిన పరిశోధనల్లో, సిలికా, అంటే రాళ్లలో, ఇసుకలో ఉండే ఖనిజం, దాని ధూళిని ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (మనం అనే కీళ్లవాతం ఇదే), లూపస్, స్క్లెరోడెర్మా లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదికే తిరిగే జబ్బులు, వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. గ్రానైట్‌లో సిలికా దండిగా ఉంటుంది. ఆ సన్న నలుసులు ఊపిరితిత్తుల్లో దిగబడితే, వాటిని మింగిన రక్షణ కణాలు చచ్చిపోతుంటాయి, వాపు ఎన్నటికీ చల్లారదు. కొందరిలో ఆ రోగనిరోధక శక్తే సొంత కీళ్ల మీదికి తిరుగుతుంది.

చదువు సంగతికి ముందు ఒక మాట. మీ ఆయన రాతిపని చేశారని కీళ్ల డాక్టర్‌కు చెప్పారా? చెప్పకపోతే ఈసారి వెళ్లినప్పుడు తప్పకుండా చెప్పండి, ఛాతీ ఎక్స్‌రే గురించి అడగండి. సిలికా పీల్చినవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. కీళ్లవాతానికి ఇచ్చే కొన్ని మందులు ఆ ముప్పును ఇంకా పెంచుతాయి. మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఇక ఇది డాక్టర్ల పనేనా అంటే, జబ్బు నిర్ధారించడం డాక్టర్ పనే. ఎవరికి వస్తోంది, ఎందుకు వాళ్లకే ఎక్కువ వస్తోంది అని తేల్చేది ఎపిడెమియాలజిస్టులు. అమెరికాలో పార్కర్స్‌బర్గ్ అనే ఊరి దగ్గర ఫ్యాక్టరీ వదిలిన పీఎఫ్ఓఏ రసాయనం తాగునీళ్లలో కలిసింది. 2005, 2006లో దాదాపు 69,000 మంది రక్తం, ఆరోగ్య వివరాలు సేకరించారు. వాటితోపాటు ఏళ్లపాటు అధ్యయనాలు చేసి, ఆ రసాయనానికి ఆరు జబ్బులతో సంబంధం ఉండొచ్చని తేల్చింది ముగ్గురు ఎపిడెమియాలజిస్టులు. ఆ ఆరింటిలో పెద్దపేగుకు పుండ్లుపడే అల్సరేటివ్ కొలైటిస్ ఒకటి, అదీ రోగనిరోధక శక్తి దారి తప్పడంతో వచ్చేదే.

మీ ఊరి విషయంలో మీ బిడ్డ ముందుగా విడదీయాల్సింది ముక్కునూ నోటినీ. సిలికాతో కీళ్లవాతానికి ఉన్న సంబంధం దాన్ని పీల్చినవాళ్లలో తేలింది. బురద నీళ్లు తాగితే అదే జబ్బు వస్తుందని అనుకోవడానికి ఆ ఆధారం సరిపోదు. కానీ ఆ బురద ఎండి దుమ్మై లేస్తే మళ్లీ ముక్కు సంగతే. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే అది చాలావరకు మన తెలంగాణ రాతి పొరల్లోంచే వస్తుంది, అన్నిచోట్లా ఫ్యాక్టరీని అనలేం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే ఫ్లోరోసిస్ వచ్చే ముప్పు ఉంది, అందులోనూ కీళ్లు పట్టేస్తాయి, నొప్పులు ఉంటాయి. అందుకే ఊళ్లో కీళ్లనొప్పులున్న వాళ్లందరినీ ఒకే లెక్కలో రాస్తే ఆ సర్వే పనికిరాదు. రక్తపరీక్షలు, కీళ్ల డాక్టర్ పరీక్ష తోడుంటేనే ఏది ఏ జబ్బో తెలుస్తుంది.

ఇంకో చిక్కుంది. ఇవాళ యూనిట్‌కు వెళ్లి చూస్తే పనిచేసేవాళ్లంతా బాగానే కనబడతారు. జబ్బుపడ్డవాళ్లు ఎప్పుడో పని మానేసి ఇంట్లో ఉంటారు, వలస వచ్చినవాళ్లయితే సొంతూరికి పోయుంటారు. వాళ్లను వెతికి పట్టుకోవాలి. రాతిపని చేసినా జబ్బు రానివాళ్లు, అసలు ఆ పనే చేయనివాళ్లు కూడా లెక్కలోకి రావాలి. పైగా ఈ కీళ్లవాతం వందలో ఒకరికి అటూఇటూగా వచ్చేది, కాబట్టి ఒక్క ఊరు చాలదు. మీ ఆయనకు ఎందుకు వచ్చిందో ఆ పరిశోధన కచ్చితంగా చెప్పలేదు కూడా. అది గుంపు గురించి చెబుతుంది. బిడ్డకు ఈ మాట ఇప్పుడే చెప్పండి, ఆశ పెట్టుకుని తర్వాత కుంగిపోకుండా.

అందుకే నా సలహా, నేరుగా ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తిని చదివే శాస్త్రం) ల్యాబ్ వైపు పరుగెత్తొద్దు. ముందు ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) హైదరాబాద్‌లోనూ ఉంది. ఫీజులు రెండుచోట్లా ముందే కనుక్కోండి. అక్కడ స్టాటిస్టిక్స్ మనసుపెట్టి నేర్చుకోవాలి. లెక్కలంటే భయపడి బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) తీసుకున్న పిల్లలను చాలామందిని చూశాను, ఆ భయం ఉంటే ఇప్పుడే వదిలించుకోవాలి. పీజీ అయ్యాక ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ప్రాజెక్టుల్లో చేరితే ఫీల్డు తెలుస్తుంది. వృత్తి జబ్బుల మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఓహెచ్ అహ్మదాబాద్‌లో ఉంది, ఆ పేరు గుర్తుపెట్టుకోమనండి.

డబ్బు విషయం దాచను. ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే జూనియర్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్ (దాని తర్వాతి సీనియర్ మెట్టు) అయ్యాక 42,000, దానిపైన ఇంటి అద్దె. ఆ టైములో మీ మీద భారం పడదు. రాకపోతే ఫార్మా కంపెనీల్లో కార్మికుల భద్రత, ఇండస్ట్రియల్ హైజీన్ విభాగాలున్నాయి. గాలిలో ధూళి కొలవడం తెలిసినవాళ్లకు అక్కడ పని దొరుకుతుంది. బీఈడీ తర్వాతైనా చేయొచ్చు, అది ఎక్కడికీ పోదు.

ఇప్పటికిప్పుడు ఇల్లిల్లూ తిరిగి రక్తం తీయించడం లాంటివి వద్దు, మనుషుల మీద పరిశోధన సబబుగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా అవి చేయకూడదు. ఇంట్లో నాన్నతో కూర్చొని ఆయన పని చరిత్ర రాయమనండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, కటింగా పాలిషింగా లోడింగా, నీళ్లు పోస్తూ కోసేవాళ్లా, పొడిగానా, రోజుకు ఎన్ని గంటలు, ముక్కుకు రుమాలా మాస్కా, ఏ బోరు నీళ్లు తాగేవాళ్లు. ఒక మనిషి పని జీవితాన్ని ఇలా రాబట్టడం వస్తే ఈ రంగంలో సగం పని వచ్చినట్టే.

హెచ్‌సీయూకు (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి) సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష ఈ మధ్య మార్చిలోనే పెడుతున్నారు, దరఖాస్తులు అంతకు ముందే ముగుస్తాయి. ఫైనలియర్ మెమో వచ్చేదాకా ఆగొద్దని మీ బిడ్డకు చెప్పండి.